తొమ్మిది నిమిషాల ముందు ఇంటర్వెల్

జూన్ 3, మంగళవారం

వచ్చేసింది. చేతిలో పట్టేంత హార్డ్ డిస్కు. బల్ల మీద పెట్టి కాసేపు ఊరికే చూస్తూ కూర్చున్నాను. మూడేళ్ళుగా నేను ఎదురుచూస్తున్న సినిమా పార్ట్ టూ అందులో ఉంది. దాని తాళం, అంటే తెరిచే కోడు, గురువారం పొద్దున మెయిల్లో వస్తుంది. అంతదాకా అది ఉత్త ఇనుప ముక్క.

పోస్టర్లు కూడా దిగాయి. మా థియేటర్ మేనేజర్ గారు ఒకటి విప్పి, ముగ్గురూ ఆడవాళ్ళేనా, ఒక్క మగాడూ లేడా అని వెనక్కి తిప్పి చూశారు. వెనకాల జిగురు ఉంది, అంతే.

సినిమాలో వాళ్ళకి పేర్లు ఉన్నాయి, నోరు తిరగనివి. మా ఇంట్లో అవి చెల్లవు. మా అత్తగారు పెట్టినవే ఖాయం. ఎంత బరువైనా ఎత్తేది పెద్దమ్మాయి. చేతుల్లోంచి మెరుపులు కొట్టేది నడిపమ్మాయి. గోడల్లోంచి నడిచి వెళ్ళిపోయేది చిన్నమ్మాయి. మొదటి భాగంలో పెద్దవాళ్ళిద్దరే. చిన్నది వేరే సినిమాలో విడిగా వచ్చింది. ఇప్పుడు ముగ్గురూ ఒక జట్టు.

మూడేళ్ళ కిందట అత్తగారు నాకు క్యారేజీ ఇవ్వడానికి ప్రొజెక్టర్ రూముకి వచ్చి, గోడకున్న చిన్న అద్దంలోంచి తొంగిచూసి, షో అయ్యేదాకా కదల్లేదు. నా అన్నం చల్లారిపోయింది. ఆ రోజు నుంచి ఆ అమ్మాయిల గురించి కడుపున పుట్టినట్టే మాట్లాడుతుంది. ఆవిడకి కూతుళ్ళు లేరు. ఒక్కడే కొడుకు. వాడు నా మొగుడు. లిఫ్టులు బాగుచేస్తాడు. మనుషులు గాల్లో ఎగిరితే మా బతుకేం కావాలి అంటాడు.

జూన్ 4, బుధవారం

రేపు ట్రయల్. ఇవాళ ఏ పనీ చేయలేదు. చేస్తున్నట్టు నటించాను.

జూన్ 5, గురువారం, మధ్యాహ్నం 2

చూశాం. నేనూ అత్తగారూ, ఖాళీ హాలూ.

ముందు తిట్లు. నేను అభిమానినే గాని గుడ్డిదాన్ని కాదు. విలన్ దండగ. వాడికి లోకం మొత్తం కావాలి, ఎందుకో చెప్పడు. వాడు కనబడినప్పుడల్లా తెర నీలంగా మారుతుంది, నాకు తలనొప్పి. ఆఖరి ఫైటు పది నిమిషాలు ఎక్కువ. మొదటి భాగంలో ఉన్న నవ్వులు ఇందులో సగం కూడా లేవు.

ఇక అసలు సంగతి. నడిపమ్మాయి ఫైటు ముందు జుట్టు ముడేసుకుంది! నలభై మూడేళ్ళొచ్చాయి నాకు, ఇన్నేళ్ళుగా తెర మీద జుట్టు విరబోసుకుని కొట్లాడే ఆడవాళ్ళనే చూశాను. ఎత్తు మడమల చెప్పులు ఎవరికీ లేవు. పెద్దమ్మాయికి యాభై ఏళ్ళుంటాయి, దాచలేదు.

వంతెన సీను గురించి రాయాలి. దానికి ముందు పెద్దమ్మాయికీ చిన్నమ్మాయికీ పెద్ద గొడవ. నువ్వు భయపడి పారిపోయే రకం, నీతో నాకు పనిలేదు అని పెద్దది అనేస్తుంది. చిన్నది మాట్లాడకుండా గోడలోంచి వెళ్ళిపోతుంది. తర్వాత వంతెన విరుగుతుంది. పైన బస్సు, బస్సునిండా జనం. పెద్దమ్మాయి కింద నిలబడి భుజం మీద మోస్తుంది. నడిపమ్మాయి చేతుల్లో మెరుపులు అయిపోతాయి. పెద్దదాని మోకాలు నేలకి తగులుతుంది. అప్పుడు స్తంభంలోంచి చిన్నది వస్తుంది. దానికి బలం లేదు, మోయలేదు. బస్సు గోడలోంచి దూరి ఒక్కొక్కరినీ చెయ్యి పట్టుకుని బయటికి తెస్తుంది. క్షమించు అని ఎవరూ అనరు. పెద్దమ్మాయి మాత్రం, దానికి దారి వదలడానికి, అంత బరువుతోనూ అంగుళం పక్కకి జరుగుతుంది.

ఏడ్చేశాను. ఇది నా పదేళ్ళప్పుడు రావలసిన సినిమా. అత్తగారు కళ్ళద్దాలు తుడుచుకుంటూ, పెద్దదానికి మొండితనం ఎక్కువ గాని మనసు వెన్న అంది.

ఇలాంటి సినిమాలకి ఇంటర్వెల్ ఉండదు. తీసినవాళ్ళు ఏకబిగిన చూడమంటారు. మా దగ్గర అలా వేస్తే క్యాంటీన్ ఆయన నా గుమ్మం ముందు ధర్నాకి కూర్చుంటాడు. అందుకని ఎక్కడ ఆపాలో ఆపరేటర్ చూసుకోవాలి. అది నా పని. ఎక్కడపడితే అక్కడ ఆపితే కథ మెడ విరుగుతుంది. దీనికి వెతకనక్కర్లేకపోయింది. బస్సు ఖాళీ అయింది, ముగ్గురూ బయటికి దూకారు, వెనకాల వంతెన కూలింది, తెర నల్లబడింది. అక్కడే. గోడ గడియారం చూసి చేతి మీద రాసుకున్నాను. సినిమా మొదలై గంటా పద్నాలుగు నిమిషాలు. అక్కడ ఆపి ఇద్దరం కాఫీ తాగాం.

జూన్ 6, శుక్రవారం, ఉదయం 9

అంతా సిద్ధం. ముందు యాడ్లు, రెండు ట్రైలర్లు, తర్వాత సినిమా. గంటా పద్నాలుగు దగ్గర ఇంటర్వెల్ మార్కు పెట్టాను. మీట నొక్కితే మిగతాదంతా మెషీనే చూసుకుంటుంది. పదహారేళ్ళ సర్వీసులో మొదటిసారి రిలీజు రోజు మార్నింగ్ షో కింద హాల్లో కూర్చుని జనంతో చూడబోతున్నాను. అత్తగారికి నడవ పక్క సీటు, మోకాళ్ళు చాపుకోడానికి.

పెద్ద హాలు! మూడొంతుల టికెట్లు తెగాయని కౌంటర్ అక్క చెప్పింది.

జూన్ 6, మధ్యాహ్నం 3

నా చెయ్యి విరగ.

పెద్దమ్మాయి, నువ్వు భయపడి, అని నోరు తెరిచింది. లైట్లు వెలిగాయి. కరెంటు పోయి వచ్చిందనుకున్నాను. తెర మీద ఇంటర్వెల్ అని పడింది. గొడవ మధ్యలో! మాట మధ్యలో! జనం ఓ అని అరిచి, లేచి, క్యాంటీన్ వైపు నడిచారు.

పైకి పరిగెత్తుతూ మెట్ల మీదే లెక్క వేసుకున్నాను. యాడ్లూ ట్రైలర్లూ కలిపి తొమ్మిది నిమిషాలు. ట్రయల్‌కి అవి లేవు, ఉత్త సినిమానే వేశాను. ఇవాళ వాటిని ముందు తగిలించాక కూడా అదే గంటా పద్నాలుగు పెట్టాను. కొత్తగా చేరినవాళ్ళు కూడా చెయ్యని తప్పు. నా ధ్యాసంతా కింద సీట్ల మీదే ఉంది, అదీ కారణం.

అక్కడితో అయిపోతే బాధ లేదు. ఇంటర్వెల్ తర్వాత మొదటి పది నిమిషాలు ఏ సినిమాకైనా గాలికి పోతాయి. జనం క్యూలో ఉంటారు, బాత్రూముల్లో ఉంటారు, మెట్ల మీద ఫోన్లు మాట్లాడుతూ ఉంటారు. ఇంకో ఐదు నిమిషాలు ఆగుదామని మేనేజర్ గారిని బతిమాలాను. మ్యాట్నీ వెనక్కి పోతుంది, వెయ్యమన్నారు. వేశాను. అద్దంలోంచి చూస్తే హాల్లో ఎర్ర సీట్లే కనబడ్డాయి. అంత బరువు మోస్తూ పెద్దమ్మాయి ఖాళీ కుర్చీల ముందు మోకాలు వంచింది. తిరిగొచ్చిన చిన్నమ్మాయిని చూసినవాళ్ళు పదిమంది ఉంటారేమో. అందులో అత్తగారు ఒకరు.

జనం పాప్‌కార్న్‌తో వచ్చి కూర్చునేసరికి ముగ్గురూ నవ్వుతూ కారులో వెళ్తున్నారు.

మ్యాట్నీకి సరిచేశాను. ఎవరికీ చెప్పలేదు.

జూన్ 7, శనివారం, ఉదయం 10

ఇక్కడ సినిమా తలరాత మా వీధి చివర సెలూన్ ఆయన రాస్తాడు. ప్రతి శుక్రవారం మార్నింగ్ షో చూస్తాడు. శనివారం సాయంత్రానికల్లా చుట్టుపక్కల గడ్డాలన్నిటికీ తీర్పు వినిపిస్తాడు. ఆయన కత్తి కింద మెడ పెట్టి కాదనే ధైర్యం ఎవరికుంది? నిన్న నాకు రెండు వరసల ముందే కూర్చున్నాడు. ఇంటర్వెల్‌కి అందరికంటే ముందు లేచాడు.

మా ఆయన ఇప్పుడే గడ్డం గీయించుకుని వచ్చాడు, తీర్పుతో సహా. సెకండాఫ్ లేదట. లాజిక్ లేదట. ఇంటర్వెల్ ముందు జుట్లు పట్టుకునేంత గొడవ, తర్వాత చూస్తే ఏమీ జరగనట్టు ఒకే కార్లో షికారట. ఆడవాళ్ళ గొడవలంతే, ఎందుకు కొట్టుకుంటారో ఎందుకు కలుస్తారో ఆ దేవుడికే తెలియాలి అన్నాడట. సెలూనంతా నవ్వారట. మా ఆయన కూడా నవ్వి ఉంటాడు, వాడి మొహం చూస్తే తెలిసింది.

ఒళ్ళు మండింది. కానీ సెలూన్ ఆయన తప్పేముంది? ఆయన చూసిన సినిమాలో నిజంగానే లాజిక్ లేదు. దాన్ని తీసేసింది నేను.

అదే రోజు, రాత్రి 10

మ్యాట్నీకి పావు హాలు. సాయంత్రం షోకి అంతకంటే తక్కువ.

మేనేజర్ గారు పిలిచారు. సోమవారం నుంచి మన ముగ్గురమ్మాయిలకి చిన్న హాలు. పెద్ద హాల్లోకి మీసాల హీరో సినిమా నాలుగో భాగం. దానికి బాధ లేదు, సినిమాలు వస్తుంటాయి పోతుంటాయి. కానీ ఆయన ఇంకో మాట అన్నారు. చూశావుగా, ఇకమీద ఆడవాళ్ళ ఫైటింగు సినిమా ఏదొచ్చినా సరాసరి చిన్న హాల్లోకే, పెద్ద తెర వాళ్ళకి దండగ అన్నారు.

తప్పు నాదని చెప్పాల్సింది, సరేనండి అని వచ్చేశాను. నాకు పని నేర్పిన పాత ఆపరేటర్ ఒకసారి రీళ్ళు తారుమారు చేశాడు. చచ్చిపోయిన తండ్రి తర్వాతి రీల్లో కూతురి పెళ్ళికి అక్షింతలు వేశాడు. సాయంత్రానికి ఆపరేటర్ ఇంట్లో ఉన్నాడు, మళ్ళీ పనిలోకి రానివ్వలేదు. ఈ ఉద్యోగం లేకపోతే నేను ఏమిటి? ఇంకో పని నాకు రాదు. రావాలని కూడా లేదు.

అత్తగారు కాళ్ళకి నూనె రాసుకుంటూ, గురువారం బస్సు ఖాళీ అయ్యాకే కదమ్మా మనం కాఫీ తాగాం అంది. నా వైపు చూడకుండానే.

ముగ్గురూ అంత బరువు మోశారు. నేను ఒక్క మాట మోయలేకపోతున్నాను.

జూన్ 8, ఆదివారం, ఉదయం 9

చేసేశాను. అక్షరాలు వంకర పోతున్నాయి, పోనీ.

ఎనిమిదికి సెలూన్‌కి వెళ్ళాను. ఆదివారం కదా, కిటకిట. బెంచీ మీద ఆరుగురు, కుర్చీల్లో ఇద్దరు, మొహాలనిండా నురగ. ఆడమనిషి గుమ్మంలో నిలబడేసరికి పేపర్లన్నీ కిందికి దిగాయి. సెలూన్ ఆయన, అమ్మా మీ ఆయన నిన్ననే గీయించుకున్నాడే అన్నాడు. ఆయన కోసం రాలేదు, మీ కోసమే అన్నాను.

చెప్పేశాను. ఇంటర్వెల్ సినిమా వాళ్ళు పెట్టరు, నేను పెడతాను. శుక్రవారం తొమ్మిది నిమిషాల ముందు పెట్టాను. మీరు క్యూలో నిలబడ్డ ఆ తొమ్మిది నిమిషాల్లోనే చిన్నది తిరిగొచ్చింది, ఎందుకొచ్చిందో, ఎలా కలిశారో అంతా అందులోనే ఉంది. ఆడవాళ్ళు ఎందుకు కలుస్తారో దేవుడికే తెలుసన్నారట, దేవుణ్ణి అడగక్కర్లేదు, మ్యాట్నీకి రండి. తప్పు నాది, సినిమాది కాదు. మొత్తం చూసి అప్పుడు తిట్టండి, నేనూ కలిసి తిడతాను, విలన్ విషయంలో నాకూ చాలా ఉన్నాయి.

సెలూన్ ఆయన కత్తి కుర్చీలో ఆయన గొంతు మీదే ఆపి విన్నాడు. చూసిందాన్నిబట్టి చెప్పానమ్మా అన్నాడు. నాకు ఎక్కడినుంచి వచ్చిందో తెలియదు, కుర్చీలో ఆయన్ని చూపించి, ఈయన్ని ఇలా సగం గడ్డంతో లేపి అద్దం చూపించి, నీ పనితనం ఇంతేనా అంటే మీరు ఒప్పుకుంటారా అన్నాను.

బెంచీ మీద వాళ్ళు గొల్లుమన్నారు. సెలూన్ ఆయనకి కూడా నవ్వొచ్చింది. నవ్వనిది ఆ సగం గడ్డం ఆయన ఒక్కరే. కళ్ళు మాత్రం నా వైపే తిరిగి ఉన్నాయి. ఆ కళ్ళు ఎక్కడో చూసినట్టే ఉన్నాయి అనుకుంటూ ఉండగానే సెలూన్ ఆయన తువ్వాలు పెట్టి ఒక చెంప తుడిచాడు.

మేనేజర్ గారు.

గొంతు మీద కత్తి ఉండబట్టి ఇంతసేపూ మాట్లాడలేదు ఆయన! రెండో చెంప కూడా అయ్యేదాకా నిలబడ్డాను. పారిపోదామని అనిపించింది. పోలేదు. ఆయన లేచి అద్దంలో గడ్డం తడిమి చూసుకుని, నువ్వు చెప్పకపోతే నాకు తెలిసేది కాదు, తెలిశాక ఊరుకోను, మ్యాట్నీ నేనూ చూస్తాను, నీ సంగతి తర్వాత చూస్తాను అన్నారు. బయటికి వెళ్తూ ఆగి, పాత ఆపరేటర్ చివరిదాకా ఒప్పుకోలేదు తెలుసా, ఏ రీలుకి ఆ రీలే వేశానన్నాడు అన్నారు. అంటే ఏమిటో నాకు అర్థం కాలేదు.

సెలూన్ ఆయన గోడ గడియారం చూశాడు. పని కుర్రాళ్ళ వైపు తిరిగి, రెండింటినుంచి ఐదింటిదాకా షాపు బంద్ అన్నాడు. ఆదివారం ఆ షాపు మూయడం నేను ఎరుగను. బెంచీ మీద ఒకాయన, మరి అప్పుడు వచ్చేవాళ్ళ గడ్డాలు అన్నాడు. సినిమాకొచ్చి కూర్చోమను, అక్కడే పెరుగుతాయి అన్నాడు ఆయన.

అదే రోజు, సాయంత్రం 6

ఎక్కడినుంచి మొదలుపెట్టను?

మార్కు తీసేశాను. మెషీన్ని నమ్మలేదు, నన్ను అంతకంటే నమ్మలేదు, కానీ చేత్తోనే వెయ్యాలని నిర్ణయించుకున్నాను. అద్దం దగ్గర నిలబడి, ఒక చెయ్యి లైట్ల మీట మీద, ఒక చెయ్యి ఇంటర్వెల్ మీట మీద.

జనం వచ్చారు. సెలూన్ బెంచీ మొత్తం వచ్చింది, ఇళ్ళల్లోవాళ్ళని వెంటబెట్టుకుని మరీ. ఆపరేటరమ్మ షాపుకొచ్చి ఏకిపారేసిందట అన్న కబురు సినిమా కబురు కంటే వేగంగా పాకిందని కౌంటర్ అక్క చెప్పింది. ఆడవాళ్ళు వరసలు వరసలుగా కూర్చున్నారు. మా ఆయన కూడా వచ్చాడు, వాళ్ళమ్మ పక్కన. మేనేజర్ గారు ముందు వరసలో, నున్నగా గీసిన గడ్డంతో నిగనిగలాడుతూ.

నడిపమ్మాయి జుట్టు ముడేసుకుంది. ఆడవాళ్ళ వరసలు ఒక్కసారిగా కేక పెట్టాయి. నేను రూములో ఒక్కదాన్నే గెంతాను.

గొడవ వచ్చింది. శుక్రవారం ఆగిన చోటు దాటింది. నువ్వు భయపడి పారిపోయే రకం అని పెద్దది మాట పూర్తిగా అంది. హాలు ఊపిరి బిగబట్టింది. వంతెన. బస్సు. మోకాలు. స్తంభంలోంచి చెయ్యి. ఎవరో ఆడమనిషి, వచ్చిందమ్మా వచ్చింది అని గట్టిగా అంది. మా అత్తగారే. పెద్దమ్మాయి అంగుళం పక్కకి జరిగింది. తెర నల్లబడింది. మీట నొక్కాను.

లైట్లు వెలిగాయి. ఎవరూ లేవలేదు.

పదహారేళ్ళలో ఇది చూడలేదు నేను. నాలుగొందల మంది ఇంటర్వెల్‌కి కుర్చీల్లో ఉన్నారు. క్యాంటీన్ ఆయన తలుపు తీసి లోపలికి తొంగిచూశాడు, ఏమైందోనని. అప్పుడు మొదలైంది. ఈలలు, చప్పట్లు, కుర్చీల చేతులు బాదడం. నేను అద్దానికి నుదురు ఆనించి ఏడ్చాను. సంతోషం పట్టలేకపోయాను, దానికి వేరే పేరు పెట్టను.

తర్వాత సెలూన్ ఆయన చేసిన పని రాయకుండా ఉండలేను. తలుపు దగ్గర నిలబడి, బయటికెళ్ళే ప్రతివాణ్ణీ, పది నిమిషాల్లో సీట్లో ఉండాలి, లేటుగా వస్తే మాత్రం గడ్డం నా దగ్గర గీయను అని బెదిరించాడు. అందరూ వచ్చారు. ఆఖరి ఫైటు అప్పుడు కూడా పది నిమిషాలు ఎక్కువే అనిపించింది, కానీ ఎవరూ కదల్లేదు.

షో అయ్యాక మెట్ల దగ్గర నాకోసం ఆగాడు. విలన్ దండగ అన్నాడు. అవునన్నాను. నీలం రంగు కళ్ళు పొడిచేసింది అన్నాడు. అవునన్నాను. అయినా సెకండాఫ్ ఉందమ్మా అన్నాడు. ఫస్టాఫ్ కంటే బాగుంది, రేపు పొద్దున ప్రతి గడ్డానికీ ఇదే చెబుతాను, నిన్న తప్పు చెప్పానని కూడా చెబుతాను అన్నాడు. మా ఆయన పక్కనుంచి, ఆ పెద్దావిడ అంగుళం జరిగింది చూశావా అని నాకే చెప్పాడు! నాకు!

మేనేజర్ గారు పోస్టర్ ముందు నిలబడి ఉన్నారు. ఇవాళ తిప్పి చూడలేదు. రేపు మీసాలాయన్ని చిన్న హాల్లోకి పంపెయ్ అన్నారు. మరి నా సంగతి అన్నాను. ఏ సంగతి, నాలుగు కొత్త సినిమాలొస్తున్నాయి, వాటికి ఇంటర్వెల్ ఎక్కడ పెట్టాలో ఎవరు చూస్తారు అన్నారు. ఆ నాలుగింట్లో ఒకటి ఐదుగురు ఆడవాళ్ళదట. ఏ హాల్లో వేద్దామంటావ్ అని నన్నే అడిగారు. సమాధానం తెలిసే అడిగారు, నేను గట్టిగానే చెప్పాను.

జూన్ 9, సోమవారం

అత్తగారికి మోకాళ్ళ నొప్పి. అయినా మ్యాట్నీకి వచ్చింది.

జూన్ 13, శుక్రవారం

రెండో వారం. పెద్ద హాలే.

షోలో ఏది ఆలస్యమైనా రిజిస్టర్లో కారణం రాయాలని మేనేజర్ గారు కొత్త రూలు పెట్టారు. ఇవాళ ఇంటర్వెల్ లైట్లు నలభై సెకన్లు ఆలస్యం.

కారణం: చప్పట్లు. నావి.